మా తమ్ముడి కారుకూ ఒక టీసీ

మా నాన్నకు నాగపూర్ నుంచి పుదుచ్చేరికి బదిలీ అయినప్పుడు మా సామానంతా లారీలో వచ్చింది. అద్దం బీరువాకు ఒక్క గీత పడలేదు. ఫ్రిజ్ బాగానే పనిచేసింది. తమ్ముడు ఎక్కి నడుపుకొనే ఎర్ర బ్యాటరీ కారును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అది బాల్కనీలో ఒక మూలకు చేరింది. ఇల్లు సర్దుకోవడం, కొత్త బడిలో చేరడం, గ్యాస్ కనెక్షన్ మార్చుకోవడం... ఈ హడావిడి మీ అందరికీ తెలిసిందే. అలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

డిసెంబరులో ఒకరోజు తమ్ముడు కారెక్కి పెడల్ తొక్కాడు. అది కదల్లేదు. వాడు ఏడవలేదు కానీ, స్టీరింగ్ పట్టుకుని నోటితోనే "బుర్ర్‌ర్" అంటూ ఆడుకోవడం మొదలుపెట్టాడు. రోజూ అదే ఆట. వాడికి నాలుగున్నరేళ్ళు. ఇంట్లో తెలుగు, నాగపూర్‌లో పట్టుబడ్డ కొంచెం హిందీ తప్ప ఇంకో భాష రాదు. క్వార్టర్స్ ఆవరణలో ఆడుకునే పిల్లలంతా తమిళంలో మాట్లాడుకుంటారు. అందుకని వాడు కిందికే దిగేవాడు కాదు.

"భోగికి ముందు ఇల్లు దులుపుతాం కదా, అప్పుడు దీన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దాం" అంది అమ్మ.

"భోగి దాకా నాకు గడువివ్వండి, నేను బాగుచేస్తాను" అన్నాను. నాన్న రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. ఒకటి, ఆయన ఇంట్లో ఉన్నప్పుడే కారు విప్పాలి. రెండు, ఏ స్క్రూ ముట్టుకునే ముందైనా బ్యాటరీ వైరు ఊడదీయాలి. ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్నది, చేసిన తప్పుతో సహా, మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

సీటు కింద ఏముంది?

బయటికి ఎంత ఆర్భాటంగా కనిపించినా, ఇలాంటి కారులో ముఖ్యమైన భాగాలు ఆరే. సీటు కింద ఒక 12 వోల్టుల బ్యాటరీ. దానికి దగ్గరగా ఒక ఫ్యూజు. వెనక చక్రాల దగ్గర రెండు మోటార్లు, వాటికి బిగించిన గేరు పెట్టెలు. ముందు చక్రాలను తిప్పడానికి ఇంకో చిన్న మోటారు. కాలి దగ్గర పెడల్ స్విచ్చి. వీటన్నిటి మధ్య అరచేతిలో పట్టేంత రిసీవర్ బోర్డు. రిమోట్ మాట వినేది ఆ బోర్డే.

కరెంటు నడిచే దారి కూడా సూటిగానే ఉంటుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుకు, అక్కడి నుంచి బోర్డుకు, బోర్డు నుంచి మోటారుకు వెళ్తుంది. కారు వెనక్కి వెళ్ళాలంటే బోర్డు మోటారుకు ఇచ్చే ప్లస్, మైనస్‌లను తారుమారు చేస్తుంది. అప్పుడు మోటారు ఎదురు దిశలో తిరుగుతుంది. కారు ముందుకూ వెనక్కూ మారేటప్పుడు "టక్" అని వినిపిస్తుంది చూడండి, అది బోర్డు మీది రిలే స్విచ్చి మారిన చప్పుడు.

మోటారు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. చక్రం అంత వేగంగా తిరిగితే పిల్లవాడు గోడకు గుద్దుకుంటాడు. అందుకే గేరు పెట్టెలోని చిన్నా పెద్దా పళ్ళచక్రాలు ఆ వేగాన్ని బాగా తగ్గిస్తాయి. తగ్గిన వేగానికి బదులు బలం పెరుగుతుంది. పిడికిలిలో పట్టే మోటారు పిల్లవాడిని మోయగలిగేది అందుకే.

రోగం ఎక్కడ?

బండి ఆగిపోతే చాలామంది ముందు మోటారునే అనుమానిస్తారు. నేనూ అంతే. కానీ మా భౌతికశాస్త్రం సారు ఒక మాట చెప్పారు: "నీళ్ళు రాకపోతే ముందు కుళాయి విప్పవు కదా, ట్యాంకు చూస్తావు. అలాగే కరెంటు ఎక్కడ పుడుతుందో అక్కడి నుంచి మొదలుపెట్టు." మల్టీమీటర్ పట్టుకోవడం కూడా ఆయనే నేర్పారు.

బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 4.2 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.7 వోల్టులు చూపించాలి. 12 దగ్గరికి వచ్చిందంటే చాలావరకు ఖాళీ అయినట్టే. 4.2 అంటే ప్రాణం లేదన్నమాట.

రాత్రంతా ఛార్జింగ్ పెట్టాం. పొద్దున మీటరు 12.9 చూపించింది! తమ్ముణ్ణి నిద్రలేపి మరీ కారెక్కించాను. పెడల్ తొక్కగానే కారు ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. పెడల్ తొక్కి ఉంచి మళ్ళీ కొలిస్తే 5 వోల్టులే ఉంది.

ఇక్కడే నాకు మొదటి పాఠం తెలిసింది. పని చెప్పనప్పుడు బ్యాటరీ చూపించే వోల్టేజిని నమ్మకూడదు. పైపు పూడుకుపోయినా, కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ అంతా బాగున్నట్టే ఉంటుంది. కుళాయి తిప్పితేనే అసలు సంగతి బయటపడుతుంది. బ్యాటరీకి బరువు అప్పజెప్పి, అప్పుడు కొలవాలి.

వాడకపోయినా పాడైపోతుందా?

నాకు వచ్చిన పెద్ద అనుమానం ఇదే. ఎనిమిది నెలలు ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎలా పాడైంది? జవాబేమిటంటే, ముట్టుకోకపోవడం వల్లే పాడైంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. అప్పటికి మన పుదుచ్చేరీ, మా తాతగారి ఊరు యానామూ ఫ్రెంచి పాలనలోనే ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకోగలిగిన మొదటి బ్యాటరీ అది. దాని సూత్రం ఈనాటికీ మారలేదు. లోపల సీసం పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. ఒక్కో గదికి 2 వోల్టుల చొప్పున ఆరు గదులు కలిస్తే 12 వోల్టులు.

బ్యాటరీ ఖాళీ అవుతున్నప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేట్ అనే తెల్లటి పదార్థం ఏర్పడుతుంది. వెంటనే ఛార్జి చేస్తే అది కరిగి మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. అలాగే వదిలేస్తే నెలలు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలుగా మారుతుంది. ఎంగిలి గిన్నె వెంటనే కడిగితే ఒక్క రుద్దుకు పోతుంది, వారం ఉంచితే రాయిలా ఎండిపోతుంది కదా, ఇదీ అంతే. పైగా ఈ బ్యాటరీ వాడకపోయినా రోజూ కొంచెం కొంచెం తనంతట తానే ఖాళీ అవుతుంది. వేడి ప్రదేశంలో ఇంకా త్వరగా అవుతుంది. మన బాల్కనీల్లో ఎండ సంగతి చెప్పాలా!

నాగపూర్‌లో సామాను కట్టేటప్పుడే మా బ్యాటరీ సగం ఖాళీ. తరువాత ఎనిమిది నెలలు ఉపవాసం. అలాంటిదాన్ని మళ్ళీ బతికించడం దాదాపు అసాధ్యం.

ఆదివారం మహాత్మా గాంధీ రోడ్డు మీద జరిగే సండే మార్కెట్‌లో వాడిన బ్యాటరీ ఏదైనా చవకగా దొరుకుతుందేమో చూద్దామన్నాను. నాన్న వద్దన్నారు. "దాని వయసు మనకు తెలియదు. మన బ్యాటరీకి పట్టిన గతే దానికీ పట్టి ఉండొచ్చు." చివరికి బ్యాటరీల దుకాణంలో 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల కొత్తది కొన్నాం. ఇళ్ళలో కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే రకమే ఇది. దుకాణం అన్న పాతది తీసుకుని కొంత ధర తగ్గించాడు. "చెత్తబుట్టలో మాత్రం వేయకూడదమ్మా, లోపల సీసం" అన్నాడు తమిళంలో. సీసం మట్టిలోకీ నీళ్ళలోకీ చేరితే పిల్లల మెదడుకు హాని. 2022లో మన ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం కూడా పాత బ్యాటరీలు చెత్తలో కలవకూడదు, రీసైక్లింగ్‌కు చేరాలి.

7 ఆంపియర్-అవర్లు అంటే ఏమిటి? కారు 5 ఆంపియర్లు వాడుకుంటే, 7ను 5తో భాగిస్తే 1.4 గంటలు, అంటే గంటా 24 నిమిషాలు నడవాలి. నిజానికి అంత రాదు. బ్యాటరీని ఎంత వేగంగా తోడితే, మొత్తం మీద అంత తక్కువ ఇస్తుంది. మా కారు 50 నిమిషాలు నడిచింది.

ఉప్పుగాలికి ఉప్పుకాగితం

కొత్త బ్యాటరీ పెట్టాక కారు కదిలింది, కానీ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కుడి వెనక చక్రం ఒక్కటే పనిచేస్తోంది. ఈసారి తొందరపడకుండా వరసగా చూసుకుంటూ వెళ్ళాను. ఎడమ మోటారు వైరు చివర ఉన్న రాగి బిళ్ళ పచ్చగా కనిపించింది. చిలుము పట్టింది! సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. అవి రాగి మీద పొరలా చిలుమును పెంచుతాయి. ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. నాగపూర్‌లో రెండేళ్ళు ఉన్నా రాని జబ్బు ఇక్కడ ఎనిమిది నెలల్లో వచ్చింది.

నున్నటి ఉప్పుకాగితంతో రుద్దితే రాగి మళ్ళీ మెరిసింది. ఉప్పు చేసిన పాడును ఉప్పుకాగితం బాగుచేసిందని తమ్ముడికి చెబితే, దాన్ని నాకి చూడబోయాడు! శుభ్రం చేశాక కనెక్షన్ల మీద పలుచగా వాజెలిన్ రాశాం, గాలి తగలకుండా.

నేను చేసిన తప్పు

ఇది రాయడం నాకు ఇష్టం లేదు. కానీ రాయకపోతే వ్యాసం సగమే అవుతుంది.

చిలుము తుడవడానికి బ్యాటరీ ఊడదీశాం కదా. తిరిగి పెట్టేటప్పుడు కింద కారు కోసం తమ్ముడు తొందరపెడుతున్నాడు. నాన్నకు ఫోన్ వచ్చి గదిలోకి వెళ్ళారు. "ఒక్క వైరే కదా" అనుకుని నేనే పెట్టేశాను. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పెట్టాను. చిటుక్కుమని చిన్న శబ్దం, తరువాత కాలిన వాసన. బోర్డు మీద ఒక చిప్పు నల్లబడిపోయింది.

ఫ్యూజు ఉంది కదా, ఎందుకు కాపాడలేదు? ఫ్యూజు కాపలా కాసేది కరెంటు మోతాదును మాత్రమే. మోతాదు దాటితే లోపలి సన్నని తీగ కరిగి దారి తెగుతుంది. కరెంటు ఎటు నుంచి వస్తోందో అది చూడదు. మా ఫ్యూజు తెగేలోపే సున్నితమైన చిప్పు పోయింది.

నాన్న కోప్పడలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. తమ్ముడు మాత్రం మళ్ళీ బాల్కనీలో కూర్చుని "బుర్ర్‌ర్" మొదలుపెట్టాడు. భోగికి తొమ్మిది రోజులే ఉంది. దసరాకు తాతయ్య ఇచ్చిన డబ్బులు తీసి, కొత్త రిసీవర్ బోర్డు, రిమోట్ కలిపి ఉన్న సెట్టు తెప్పించాను. వచ్చేలోపు చేసిన మొదటి పని, ప్లస్ వైరుకు ఎర్ర టేపు, మైనస్‌కు నల్ల టేపు చుట్టడం. విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీయడం కూడా అప్పుడే అలవాటైంది.

రిమోట్ మాట కారుకు ఎలా వినిపిస్తుంది?

తీగ లేకుండా దూరం నుంచి బండిని నడపడం కొత్త విషయమేమీ కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటితొట్టిలో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపించారు.

మా రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను పంపుతుంది. అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. ఆ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, మన జామెట్రీ పెట్టెలోని స్కేలు కంటే కొంచెం తక్కువ. వైఫై, బ్లూటూత్ కూడా ఈ ప్రాంతంలోనే పనిచేస్తాయి.

మరి పక్కింటివాళ్ళ రిమోట్‌కు మా కారు ఎందుకు కదలదు? ప్రతి రిమోట్ ఆజ్ఞతో పాటు తన గుర్తింపు సంఖ్యను కూడా పంపుతుంది. మొదటిసారి రెండింటినీ జత చేసినప్పుడు బోర్డు ఆ సంఖ్యను గుర్తుపెట్టుకుంటుంది. హాజరు పిలిచేటప్పుడు మన నంబరుకే మనం పలికినట్టు, ఆ సంఖ్య వింటేనే కారు పలుకుతుంది. రిమోట్, బోర్డు ఒకే సెట్టుగా కొనాల్సి వచ్చింది కూడా ఇందుకే.

మార్పులు వేగం కోసం కాదు

కారు బాగైందని తెలిశాక పై అంతస్తులోని అన్నయ్యలు ఒక సలహా ఇచ్చారు. "ఇంకో 6 వోల్టుల బ్యాటరీ కలిపితే 18 అవుతుంది, రాకెట్‌లా పోతుంది" అని. నేను సుద్దముక్కతో గీతలు గీసి వేగం కొలిచాను. పది మీటర్లు వెళ్ళడానికి 9 సెకన్లు పట్టింది, అంటే గంటకు 4 కిలోమీటర్లు. పెద్దవాళ్ళు మామూలుగా నడిచే వేగం. కారు పట్టు తప్పితే నాన్న రెండడుగుల్లో అందుకోగలరు.

వోల్టేజి ఒకటిన్నర రెట్లయితే వేగమూ దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. కానీ గుద్దుకున్నప్పుడు తగిలే దెబ్బ వెనక ఉండే గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.5ను 1.5తో గుణిస్తే 2.25. అంటే దెబ్బ రెండు రెట్లు దాటుతుంది. ఆ వేగానికి తగిన బ్రేకులు బొమ్మకారులో ఉండవు. ప్లాస్టిక్ గేరు పళ్ళు అరుగుతాయి, మోటారు వేడెక్కుతుంది, 12 వోల్టులకు చేసిన బోర్డు కాలిపోవచ్చు. బోర్డు కాలిన వాసన నాకు బాగా గుర్తుంది. అందుకే మేము వేరే మార్పులు చేశాం.

మొదటిది, మెల్లగా బయలుదేరడం. పాత బోర్డు ఉన్నట్టుండి పూర్తి కరెంటు ఇచ్చేది, తమ్ముడి మెడ వెనక్కి ఊగేది. కొత్త బోర్డు కరెంటును సెకనులో ఎన్నోసార్లు ఇస్తూ ఆపుతూ, ఇచ్చే సమయాన్ని కొంచెం కొంచెంగా పెంచుతుంది. అందువల్ల కారు కుదుపు లేకుండా కదులుతుంది, గేర్లూ బతుకుతాయి.

రెండవది, వెనక ఎర్ర స్విచ్చి. రిమోట్‌లో సెల్స్ అయిపోతే ఏమవుతుంది? చక్రాలు గాలిలో ఉండేలా కారును ఎత్తిపెట్టి, సెల్స్ తీసేసి చూశాం. రిమోట్‌తో నడుస్తున్నప్పుడైతే ఆగిపోయింది. కానీ పిల్లవాడు పెడల్ తొక్కుతున్నప్పుడు ఆపడానికి రిమోట్ లేకపోతే కారు పోతూనే ఉంటుంది. అందుకని వెనక నడిచేవాళ్ళ చేతికి అందేలా, బ్యాటరీ దారిని పూర్తిగా తెంచే స్విచ్చి బిగించాం. ఇంట్లో గోడకు ఉండే స్విచ్చి దీనికి పనికిరాదు. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చిలో పుట్టే నిప్పురవ్వ తనే ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటు సున్నాకు రాదు, రవ్వ నిలిచి స్విచ్చిని కాల్చేస్తుంది. డీసీకి, తగినన్ని ఆంపియర్లకు చేసిన స్విచ్చే అడిగి కొనాలి.

మూడవది, చక్రాలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు. ప్లాస్టిక్ చక్రాలు సిమెంటు మీద జారుతూ గోల చేసేవి. ఇప్పుడు పట్టు వచ్చింది, కింది ఇంటివాళ్ళకు మధ్యాహ్నం నిద్రా వచ్చింది.

భోగికి రెండు రోజుల ముందు కారు కిందికి దిగింది. రిమోట్ అమ్మ చేతిలో ఉంది. ఐదు నిమిషాల్లో ఆవరణలోని పిల్లలంతా చుట్టూ చేరారు. తమ్ముడికి ఆ రోజు వచ్చిన మొదటి తమిళ మాటలు రెండు: "పో", "నిల్లు". పొమ్మన్నప్పుడు పెడల్ తొక్కాడు, ఆగమన్నప్పుడు కాలు తీశాడు. సాయంత్రానికి ఎవరి వంతు ఎప్పుడో వాడే చెబుతున్నాడు.

తరువాత ఒక ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డుకు కూడా తీసుకెళ్ళాం. సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడున్నర దాకా ఆ రోడ్డు మీద వాహనాలను రానివ్వరు. గాంధీ విగ్రహం ముందు, పెద్ద కార్లు లేని రోడ్డు మీద మా ఎర్ర కారు ఒక్కటే తిరిగింది. ఇంటికి రాగానే తడిగుడ్డతో ఉప్పంతా తుడిచేశాం.

బదిలీకి ముందు గుర్తుంచుకోండి

మన ఇళ్ళలో బ్యాటరీ వస్తువులు పాడయ్యేది ఎక్కువగా లారీ ఎక్కినప్పుడే. అందుకే ఈ పనులు చేయండి.

సామాను కట్టే ముందు లెడ్ యాసిడ్ బ్యాటరీని నిండా ఛార్జి చేసి, వైరు ఊడదీసి, కొనలకు టేపు వేయండి. కొత్త ఊరు చేరాక కారు వాడినా వాడకపోయినా నెలకోసారి ఛార్జి పెట్టండి. గాలి ఆడే చోట, పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే పెట్టండి. రిమోట్ లోంచి సెల్స్ తీసేయండి, లేకపోతే అవి కారి లోపలి స్ప్రింగులను తినేస్తాయి. ఉబ్బిన బ్యాటరీని, పగిలిన బ్యాటరీని మీరు ముట్టుకోకండి, పెద్దవాళ్ళకు చెప్పండి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి తప్ప, వైరు ముక్కతో కలపకూడదు.

నాన్నకు ఇక్కడ ఇంకా ఏడాదిన్నర ఉంది. అప్పటికి తమ్ముడి మోకాళ్ళు స్టీరింగ్‌కు తగులుతాయి. కారు మాతో లారీ ఎక్కుతుందో, ఇక్కడే ఇంకో ఇంటికి వెళ్తుందో తెలియదు. అందుకని సీటు అడుగున ఒక కాగితం అతికించి, పైన పారదర్శక టేపు వేశాను. బ్యాటరీ ఎప్పుడు మార్చాం, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు, ఏ రంగు వైరు ఎక్కడికి, రిమోట్‌ను మళ్ళీ ఎలా జత చేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. చివరి వరుసలో "ప్లస్ ఎర్రది. రెండుసార్లు చూసుకోండి" అని పెద్ద అక్షరాలతో రాశాను.

అది చదివి అమ్మ నవ్వింది. "బండికి కూడా టీసీ రాసిచ్చావా?" అంది.

ఔను మరి. మనం బడి మారినప్పుడల్లా టీసీ చూసే కదా కొత్త టీచరు మన గురించి తెలుసుకుంటారు. ఈ కారును తరువాత ఎవరు విప్పినా, నేను మొదటిరోజు కూర్చున్నట్టు ఏమీ తెలియక కూర్చోవాల్సిన పని లేదు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని